కొబ్బరితోట నీడలో పింటో వేరుశనగ

(కోనసీమ కొబ్బరి రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కొబ్బరితోటలో వరుసల నడుమ నేలను ఏమి చేయవలెనని మీలో పలువురు నన్ను అడుగుచున్నారు. మంచి ప్రశ్నయే. తోట చిన్నదిగా ఉన్నన్నాళ్లు ఆ నేలలో అరటియో, కూరగాయలో పండించుకొందురు. ఎనిమిది సంవత్సరములు దాటిన పిమ్మట మట్టలు ఒకదానినొకటి అందుకొనును. క్రింద నీడ చిక్కనగును. ఇరువది, ఇరువదిఐదు సంవత్సరముల వరకు ఇదే స్థితి. తరువాత చెట్లు ఎత్తు పెరిగి మరల కొంత వెలుతురు నేలకు దిగును. ఈ నడిమి కాలములో తోటలో ఏమి వేసినను సరిగా రాదు. కాని కలుపునకు మాత్రము ఆ చిక్కు లేదు. అది మన అనుమతి అడుగకుండనే వచ్చును. ఏటా మూడు నాలుగు సార్లు కూలీలను పెట్టి చెక్కించవలెను, లేదా మందు కొట్టించవలెను. చెక్కించిన మరునాడే పెద్ద వాన పడినచో పైమట్టి బోదెలోనికి, బోదెనుండి కాలువలోనికి పోవును. మనము ఎరువు వేసి, పేడ వేసి తయారుచేసికొన్న మట్టియే అది.

ఈ నేలను కప్పి యుంచుటకు నీడలో పాకి, పసుపుపచ్చని పూలు పూయు ఒక మొక్క కలదు. దాని పేరు పింటో వేరుశనగ. నేటి నా మాటలు దానిని గురించియే. అయితే దాని గుణములు చెప్పుటకు ముందు నేను చేసిన ఒక తప్పును చెప్పవలసి యున్నది. అది వినని యెడల తక్కిన మాటలకు విలువ ఉండదు.

నేను చేసిన తప్పు

నేను ఎమ్మెస్సీ చదువుచున్న రోజులలో సెలవులకు ఇంటికి వచ్చుచు, దారిలో ఒక నర్సరీలో ఆగితిని. అక్కడ మామిడిచెట్టు నీడలో తివాచీ పరచినట్లు ఒక మొక్క అల్లుకొని, బంగారువన్నె పూలతో కనిపించినది. వెడీలియా అని చెప్పిరి. నీడలో కూడ పెరుగునని, నీరు పెద్దగా అక్కరలేదని, ఒక ముక్క గ్రుచ్చినచో చాలునని అనిరి. ఆ మాటలలో ఒక్కటియు అబద్ధము కాదు. ఒక సంచి నిండ తీగలు తెచ్చి మా కొబ్బరితోటలో బోదె గట్టు వెంబడి నాటితిని.

మా నాన్నగారు వచ్చి చూచి, "ఏరా, ఇది గొడ్డు తినే ఆకా, గుళ్లో ఇచ్చే పువ్వా?" అని అడిగిరి.

"రెండూ కాదు నాన్నా. నేలని కప్పుతుంది," అని చెప్పితిని.

"కప్పడం సరే. ఎక్కడ ఆగుతుందో కనుక్కున్నావా?" అనిరి. నేను నవ్వి ఊరకుంటిని.

రెండు వర్షకాలములు గడిచినవి. ఆ తీగ గట్టు దాటి చెట్ల పాదులలోనికి వచ్చినది. బోదెలోనికి దిగి నీటి నడకను ఆపినది. అక్కడనుండి తెగిన ముక్కలు నీటిలో కొట్టుకొనిపోయి దిగువనున్న మా బాబాయిగారి వరిచేను గట్టున వేళ్లూనినవి. మా అమ్మ కోసికొనుచుండిన పొన్నగంటికూర ఆ గట్టున మరి కనిపించలేదు. గేదె ఆ ఆకును వాసన చూచి తల త్రిప్పుకొన్నది. ఒకనాడు మా బాబాయిగారు కత్తితో తీగలు నరికి, ఆ మోపు తెచ్చి మా అరుగు మీద వేసి, "అబ్బాయ్, నువ్వు చదివేది వ్యవసాయమేనా?" అని మాత్రము అడిగి వెళ్లిపోయిరి. ఆ మాటకు నావద్ద సమాధానము లేకపోయెను.

దానిని తీయుటకు మాకు రెండు సంవత్సరములు పట్టినది. నరికిన ప్రతి ముక్కయు, కణుపు ఒకటి ఉన్నచో చాలును, మరల మొక్క అగుచుండెను. చివరకు వేళ్లతో సహా త్రవ్వి, ఎండలో తాటాకుల మీద పరచి, పూర్తిగా ఎండిన పిమ్మట తగులబెట్టితిమి. తరువాత చదివి తెలిసికొంటిని. ఈ మొక్క ఉష్ణ అమెరికా దేశములది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము వారు ప్రపంచమునకెల్ల మిక్కిలి కీడు చేయు నూరు పరదేశ జీవుల జాబితా కూర్చినారు. వెడీలియా అందులో ఒకటి. నేను దానిని చేతులారా మోసికొని వచ్చితిని.

ఈ కథ ఎందుకు చెప్పుచున్నాననగా, పాకు మొక్కను ఎన్నుకొనునపుడు పువ్వును చూచి ఎన్నుకొనరాదు. మా నాన్నగారు అడిగిన ప్రశ్నయే అడుగవలెను. ఇది ఎక్కడ ఆగును? చెట్టుకు ఏమి ఇచ్చును? చెట్టునుండి ఏమి తీసికొనును? గొడ్డుకు పనికివచ్చునా? ఈ నాలుగు ప్రశ్నలను ముందుంచుకొని పింటో వేరుశనగను పరీక్షింతము.

ఇది ఎక్కడి మొక్క?

మనము తిను వేరుశనగకు ఇది స్వయాన దాయాది. దాని వలెనే ఇదియు దక్షిణ అమెరికాకు చెందినది. 1954లో పింటో అను బ్రెజిల్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆ దేశములోని బహియా రాష్ట్రములో దీనిని మొదట సేకరించెను. ఆయన పేరే మొక్కకు వచ్చినది. 1987లో ఆస్ట్రేలియా దేశమువారు దీనిలో ఒక రకమును పశుగ్రాసము కొరకు, పండ్లతోటలలో నేలకప్పు కొరకు విడుదల చేసిరి. దానికి 'అమరిల్లో' అని పేరు. స్పానిష్ భాషలో పసుపుపచ్చ అని అర్థము. ఇప్పుడు ఉష్ణమండల దేశములలో కాఫీ, అరటి, నారింజ తోటలలో దీనిని నేలకప్పుగా పెంచుచున్నారు. మన దేశములో అందము కొరకు ఉద్యానవనములలోను, రహదారుల నడిమి పట్టీలలోను నాటుచున్నారు. మీలో పలువురు దానిని చూచియే ఉందురు, పేరు తెలియకపోవచ్చును.

ఆకు చూచి గుర్తించుడు

నర్సరీలో వెడీలియాకును పింటోకును పువ్వు రంగు ఒకటే. రెండును నేలబారున పాకును. రెండింటికిని కణుపు కణుపునకు వేళ్లు దిగును. కనుక రంగు చూచి కొనువారు నా వలెనే మోసపోవుదురు. గుర్తు ఆకులో ఉన్నది.

పింటో ఆకు అచ్చముగా వేరుశనగ ఆకే. ఒక కాడకు రెండు జతలుగా నాలుగు చిన్న ఆకులుండును. పువ్వు కూడ వేరుశనగ పువ్వే, కొంచెము ముదురు పసుపు. వెడీలియాకు కాడకు ఇరువైపుల ఎదురెదురుగా ఒక్కొక్క ఆకు ఉండును. ఆకు కొంచెము గరుకుగా ఉండి అంచున మూడు పాయలుగా చీలియుండును. పువ్వు చిన్న పొద్దుతిరుగుడు పువ్వు వలె చుట్టును రేకులతో ఉండును. అది పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినదే. ఈ ఒక్క సంగతి మీరు గుర్తుంచుకొన్నచో నేను ఇంత దూరము వచ్చినందుకు ఫలితము దక్కినట్లే.

చెట్టుకు ఏమి ఇచ్చును?

మొదటిది, నేలకు కప్పు. పింటో తీగలు చాపవలె అల్లుకొనును. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు. నీరు పారిపోక ఇంకును. ఎండకాలములో నేల కాగదు. చాప చిక్కనైన పిమ్మట గడ్డి విత్తనమునకు వెలుతురు అందదు గనుక కొత్త కలుపు తగ్గును.

రెండవది, నత్రజని. ఇది పప్పుజాతి మొక్క. దీని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించును. ఆకులు రాలి కుళ్లినపుడు, తీగను కోసి చెట్టు మొదట కప్పినపుడు అందులో కొంత కొబ్బరికి చేరును. నాటిన రెండు నెలలకు ఒక మొక్కను మెల్లగా పెకలించి వేరుబుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల ఎర్రగా, గులాబిరంగుగా ఉన్నచో అది పని చేయుచున్నట్లు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉన్నచో పని చేయుట లేదు.

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక. పింటో వేసితిమి గనుక కొబ్బరికి ఎరువు మానవచ్చునని తలంచరాదు. కాసరగోడులోని కేంద్ర పరిశోధన సంస్థ సిఫారసు ప్రకారము కాపునకు వచ్చిన చెట్టుకు సంవత్సరమునకు 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరము, 1,200 గ్రాముల పొటాష్ కావలెను. పొటాష్‌ను ఏ పప్పుజాతి మొక్కయు గాలినుండి తీసికొని రాలేదు. కొబ్బరి అన్నిటికంటె ఎక్కువగా కోరునది అదియే. కనుక ఎరువు సంచి అవసరము తీరిపోదు.

మూడవది, ఇది ఎగబ్రాకదు. నేలకప్పు కొరకు కలపగోనియము, ప్యూరేరియా వంటి తీగజాతులు కూడ కలవు. అవియు మంచివే, త్వరగా అల్లుకొనును. కాని అవి చెట్టును చుట్టుకొని పైకి పోవును. చెట్టు చెట్టుకు తిరిగి వానిని లాగివేయుట ఒక పని. పింటోకు ఎగబ్రాకు అలవాటు లేదు. అడుగు ఎత్తు దాటుట అరుదు. దింపు రోజున రాలిన కాయ అందులో పడినను కంటికి కనబడును.

చెట్టునుండి ఏమి తీసికొనును?

నీరు తీసికొనును. దీనిని దాచి చెప్పుట సరికాదు. ప్రాణమున్న ప్రతి ఆకును నీరు త్రాగును. వానకాలములో ఈ మాట బాధింపదు. మన గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలు కట్టివేయుదురు. ఆ రోజులలో ఆరుతడికి బోరునీరు లేని తోటలో చెట్టుకు, పింటోకు పోటీ వచ్చును. పింటో మూడు నాలుగు నెలల బెట్టను ఆకు రాల్చికొని ఎట్లో తట్టుకొని, వాన పడగానే మరల చిగుర్చును. కాని ఆ లోపల అది త్రాగిన నీరు చెట్టుదే.

అందుచేత రెండు నియమములు. ఒకటి, చెట్టు పాదులో పింటో ఉండరాదు. కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగము చెట్టు మొదలుకు రెండు మీటర్ల లోపలనే ఉండును. ఎరువు వేయు చోటును, నీరు పెట్టు చోటును అదే. ఆ వలయమును చెట్టుకే వదలివేయవలెను. ఎనిమిది మీటర్ల ఎడముతో నాటిన తోటలో ఇటు రెండు, అటు రెండు మీటర్లు వదలినచో నడుమ నాలుగు మీటర్ల పట్టీ మిగులును. పింటోకు ఇవ్వవలసినది ఆ పట్టీ మాత్రమే. రెండు, నీటి వసతి లేని ఇసుక నేలలలో, ఉప్పు తగిలిన సముద్రపు ఒడ్డు నేలలలో, చౌడు నేలలలో దీని జోలికి పోరాదు. అట్టి చోట్ల ఎండుమట్టలు, కొబ్బరి డొక్కలు పరచి కప్పుటయే మేలు. అవి నీరు త్రాగవు.

మరి ఒక మాట. మీ తోటలో వెలుతురు చాలినంత ఉండి కంద, పసుపు, కోకో వంటివి నాలుగు రూకలు తెచ్చుచున్నచో వానిని తీసివేసి పింటో వేయవలదు. అమ్ముటకు పనికిరాని మొక్కను అమ్మదగిన పంట చోట పెట్టుమని నేను చెప్పను. ఏమియు పండక, కలుపు ఖర్చు మాత్రము మిగిలిన నేలకే ఇది.

నీడ ఎంత ఉండవచ్చును?

సగము నీడలో పింటో హాయిగా పెరుగును. అంతకంటె ఎక్కువ నీడలో కూడ బ్రతుకును గాని, కాడలు సాగి, ఆకులు పలుచబడి, పూలు తగ్గును. చాప వలె అల్లుకొనదు. చాప లేనిచో కలుపు ఆగదు. కొబ్బరి క్రింద కోకో కూడ దట్టముగా ఉన్న తోటలలో నేలపై వెలుతురు మిగలదు. అక్కడ కోకో ఆకు రాలి తానే నేలను కప్పును గనుక వేరు కప్పుతో పని లేదు.

మీ తోటలో నీడ ఎంతయో తెలిసికొనుటకు యంత్రములు అక్కరలేదు. మిట్టమధ్యాహ్నము తోట నడుమ నిలిచి నేలను చూడుడు. ఎండ మచ్చలు నేల మీద సగమైనను పరచుకొని యున్నచో పింటో వేయవచ్చును. అక్కడొకటి, ఇక్కడొకటిగా ఉన్నచో ఆ చోటును వదలివేయుడు.

నాటు విధము

గింజతో పెంచవచ్చును గాని, కాయలు నేలలోపల ఏర్పడుట చేత గింజ తీయుట శ్రమతో కూడినది, దొరుకుటయు కష్టము. తీగముక్కలతో నాటుట సులభము.

ఆరుద్ర, పునర్వసు కార్తెలు అదను. తొలకరికి తొందరపడక, వానలు కుదురుకొని, కాలువలకు నీరు వచ్చిన పిమ్మట నాటవలెను. నాటుటకు ముందు నేలలోని తుంగగడ్డలను, గరిక వేళ్లను త్రవ్వి ఏరివేయవలెను. ఈ పనిలో బద్ధకించిన రైతు తరువాత మూడింతలు కష్టపడును. పింటో చాప క్రొత్త గింజను మొలవనీయదు గాని, నేలలో ముందే ఉన్న తుంగగడ్డను ఆపలేదు.

ముదిరిన తీగలనుండి జానెడు పొడవు, మూడు కణుపులు ఉన్న ముక్కలను కోయవలెను. కోసిన నాడే నాటుట మంచిది. తప్పనిసరియైన యెడల తడి గోనెలో చుట్టి నీడలో ఉంచి మరునాడు నాటవచ్చును. ముక్కలో రెండు కణుపులు మట్టిలోను, ఒకటి పైనను ఉండునట్లు ఏటవాలుగా గ్రుచ్చి, కాలితో మెత్తగా అదుమవలెను. పరాయి తోటనుండి తెచ్చు ముక్కలకు అంటిన మట్టిని కడిగి తెండు. ఆ మట్టితో తుంగగడ్డ గాని, వెడీలియా ముక్క గాని మీ తోటకు రాకూడదు.

అడుగుకు ఒక ముక్క చొప్పున, అనగా 30 సెంటీమీటర్ల ఎడముగా నాటినచో సెంటుకు సుమారు 450 ముక్కలు పట్టును. అడుగున్నర, అనగా 45 సెంటీమీటర్ల ఎడమైనచో 200 చాలును. దగ్గరగా నాటినచో త్వరగా కప్పును, కలుపు కూలి తగ్గును. దూరముగా నాటినచో ముక్కలు కలసివచ్చును గాని కలుపు కూలి పెరుగును. ముక్కలు తక్కువగా ఉన్నవారు ఒక సెంటులో దగ్గరగా నాటి, దానినే నారుమడిగా చేసికొని, మరుసటి వానకాలమునకు తమ ముక్కలను తామే కోసికొనుట ఉత్తమము.

యూరియా అక్కరలేదు. వేసినచో గడ్డి బలియును గాని పింటోకు లాభము లేదు. భాస్వరము మాత్రము కావలెను. వేరుశనగకు ఎకరమునకు 100 కిలోల సూపర్ ఫాస్ఫేటు వేయుట మీకు తెలిసినదే. అదే లెక్కన సెంటుకు ఒక కిలో చొప్పున నాటుటకు ముందు మట్టిలో కలిపినచో చాలును.

మొదటి సంవత్సరము ఓర్పు

పింటో మొదట నెమ్మదిగా పెరుగును. రైతులు విసుగుచెంది దున్నివేయునది ఈ దశలోనే. మొదటి రెండు మూడు నెలలు ముక్క ఉన్నచోటనే ఉన్నట్లు కనిపించును. పైకి పెరుగుటకు ముందు వేళ్లు దింపుకొనుచున్నదని గ్రహించవలెను. ఈ కాలములో రెండు మూడు పర్యాయములు చేతితో కలుపు తీయక తప్పదు. నేల నిండ కప్పుటకు ఆరు నెలలనుండి సంవత్సరము పట్టును. మొదటి ఏట మీకు కలుపు ఖర్చు తగ్గదు, పైగా కొంత పెరుగును. లాభము రెండవ ఏటనుండి కనిపించును. మొదటి ఏటనే లాభము చూపుమని అడుగువారికి నేను దీనిని సిఫారసు చేయను.

మొదటి వేసవిలో నెలకు రెండు మూడు తడులు ఇచ్చి కాపాడుకొనవలెను. నీరు తక్కువైన నాడు ముందు చెట్టుకు, మిగిలినచో పింటోకు. ఈ వరుసను ఎన్నడును మార్చరాదు.

పాములు చేరవా?

ఈ ప్రశ్నను మా అమ్మయే మొదట అడిగినది. నవ్వివేయవలసిన ప్రశ్న కాదు. తెల్లవారుజామున కాయలు ఏరువారు, దింపునకు వచ్చు కార్మికులు, పేడ ఎత్తు ఆడువారు కాలు పెట్టు చోటు అది. పింటో గింజలకు ఎలుకలు ఆశపడును. ఎలుక ఉన్న చోటికి పాము వచ్చును. కనుక దీనికి సమాధానము శ్రద్ధయే.

పాదులు ఎప్పుడును శుభ్రముగా ఉండవలెను. చెట్టు నుండి చెట్టుకు నడుచు బాటను రెండడుగుల వెడల్పున చెక్కి ఉంచవలెను. చాపను అరచేయి ఎత్తున, అనగా పది పదిహేను సెంటీమీటర్ల ఎత్తున ఉండునట్లు రెండు నెలలకు ఒకసారి కొడవలితో గాని, గడ్డికోత యంత్రముతో గాని కోయించవలెను. ఎలుక బొరియలు కనబడగనే పూడ్చి, మరునాడు మరల తెరచిన వానిని గుర్తించి ఎలుకలను పట్టించవలెను. ఇంటి గుమ్మము, పశువుల పాక దగ్గర పది అడుగుల వరకు పింటోను రానీయరాదు. చీకటిలో దీపము లేకుండ తోటలోనికి పోరాదు. పింటో వేయని తోటలో కూడ ఈ మాట వర్తించును. ఈ శ్రద్ధ పెట్టలేనివారు పింటో వేయకుండుటయే మేలని నిస్సంకోచముగా చెప్పుచున్నాను.

గొడ్డుకు మేత

మా నాన్నగారి ప్రశ్నలలో దీనికి మాత్రము సంతోషముగా జవాబు చెప్పవచ్చును. పింటో ఆకును గేదెలు, ఆవులు, మేకలు ఇష్టముగా తినును. ఎండబెట్టి తూచినచో నూటికి 13 నుండి 25 పాళ్ల వరకు మాంసకృత్తులుండును. వట్టి వరిగడ్డి మేయు గేదెకు రోజుకు ఒక మోపు పింటో కలిపి పెట్టినచో మేతకు బలము వచ్చును. మొదట కొంచెముగా అలవాటు చేయవలెను. ఒక్కసారిగా పచ్చిమేతను కడుపునిండ పెట్టరాదు. మొదటి సంవత్సరము పశువులను చేనిలోనికి తోలరాదు. వేళ్లు పట్టని తీగలు ఊడివచ్చును. రెండవ ఏటనుండి కోసి మేపవచ్చును. అంతా కోసి గొడ్డుకే పెట్టినచో చెట్టు భాగము పోవును. కోసినదానిలో సగము గొడ్డుకు, సగము పాదుకు అను లెక్క మంచిది. గొడ్డు తిన్నది కూడ పేడరూపమున పాదుకే చేరవలెను.

ఎక్కడ ఆగును?

మొదటి ప్రశ్నను చివరకు ఉంచితిని. పింటో కూడ పాకు మొక్కయే. అది తనంతట తాను ఆగదు. మనము ఆపవలెను. తీగ నెమ్మదిగా పోవును గనుక ఆపుట సాధ్యము. పట్టీ అంచున కోత కోసినపుడెల్ల పారతో ఒక గీత వలె చెక్కినచో చాలును. అయితే గింజ నేలలో పడిన పిమ్మట ఆ నేలనుండి దానిని పూర్తిగా తీసివేయుట తేలిక కాదు. ఏటేటా మొలకలు వచ్చుచుండును. మందులకు కూడ అంత సులభముగా లొంగదు. కనుక రేపు వేరుశనగయో, ఆకుకూరలో, వరియో వేయదలచిన నేలలో పింటోను పెట్టవలదు. పది సంవత్సరములు కొబ్బరియే ఉండు చోట మాత్రమే పెట్టుడు. కాలువ గట్టున, పొరుగువారి సరిహద్దున వేయవలదు. పొరుగువారిని అడిగి వేయుట వేరు మాట. మా బాబాయిగారిని నేను అడుగలేదు.

ఐదు సెంట్లతో మొదలు పెట్టుడు

నేను చెప్పితినని తోటనంతటిని ఒకేసారి మార్చవలదు. ఐదు సెంట్లలో వేయుడు. దాని ప్రక్కనే అదే వయస్సు చెట్లు ఉన్న ఐదు సెంట్లను మీరు ఎప్పటివలె చెక్కించుడు. రెంటికిని ఒకే ఎరువు, ఒకే నీరు పెట్టుడు. ఒక పుస్తకము పెట్టుకొని కలుపు కూలి, తడులు, దింపు దింపునకు కాయల లెక్క, గేదెకు కోసిన మోపులు వ్రాసికొనుడు. కొబ్బరిపూత కాయగా దిగుటకు సంవత్సరము పట్టును గనుక మూడు సంవత్సరములు వ్రాయవలెను. అప్పుడు మీ తోటకు ఇది లాభమో కాదో మీ పుస్తకమే చెప్పును. నా మాటకంటె ఆ లెక్క నమ్మదగినది.

మా తోటలో వెడీలియాను తీసివేసిన చోట, బోదెకు దూరముగా, ఆరు సెంట్లలో నేను పింటో వేసితిని. ఈ పర్యాయము నాటుటకు ముందు మా నాన్నగారితో కలిసి తోటంతయు తిరిగి, ఎక్కడ వేయవలెను, ఎక్కడ ఆపవలెను అని కొయ్యలు పాతుకొంటిమి. మొదటి ఏట ఆయన ఒక్క మాటయు అనలేదు. రెండవ ఏట వానకాలములో ఒక ఉదయము బోదెలో పారుచున్న నీటిని చూచి, "ఈసారి నీళ్లు తేటగా పోతున్నాయిరా," అనిరి. మట్టి తోటలోనే ఆగినదని ఆయన కనిపెట్టినారు. బోదె గట్టున పొన్నగంటికూర కూడ మరల వచ్చినది. దానిని మేము నాటలేదు.

మీలో చాలామందికి నా వయస్సుకంటె ఎక్కువ ఏండ్ల అనుభవము కలదు. నేను పుస్తకములు చదివిన మాటలు చెప్పితిని, ఒక తప్పు చేసిన మాట కూడ చెప్పితిని. ఈ వానకాలము నర్సరీకి పోయినపుడు పువ్వును చూడక ఆకును చూడుడు. నాలుగు ఆకులున్న మొక్కను తెచ్చికొనుడు. మూడు పాయల ఆకును అక్కడనే వదలి రండు. సందేహము వచ్చినచో ఒక కొమ్మ త్రుంచి మీ మండలములోని ఉద్యాన అధికారికి చూపి, ఆ తరువాతనే తోటలో నాటుడు.